మూత తెరుచుకోని మిషన్

మా బావని కంప్యూటర్ల బజారులో అందరూ చెవి మేస్త్రి అంటారు. పాడైన సిస్టమ్ ఎవరైనా మోసుకొస్తే ఏమైందని అడగడు, మూత విప్పడు. కరెంటు పెట్టి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని క్యాబినెట్‌కి ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని, కళ్లు మూసుకుంటాడు. అవతలివాడు ఊపిరి బిగబట్టి నించోవాలి. కాసేపటికి కళ్లు తెరిచి, "ఫ్యాను బేరింగ్ అరిగింది, ఇంకో నెల లాగుతుంది" అంటాడు. విప్పి చూస్తే అదే అయ్యుంటుంది. ఇరవై ఆరేళ్లుగా ఆయన బల్ల దగ్గర ఇదే తంతు. ఆ స్క్రూడ్రైవర్ పిడికి ఎర్రరంగు ఉండేదట. నేను చూసేసరికే చెవి తగిలే చోట తెల్లబడిపోయింది.

నేను ఆయన మరదలిని. "నోరున్న మరదలు" అని ఆయనే నలుగురికీ పరిచయం చేస్తాడు. చెయ్యనీ, అబద్ధం కాదుగా. వాళ్ల పై వాటాలోనే ఉంటాను, వీడియోలు ఎడిట్ చేసుకుని బతుకుతాను, టీకి మాత్రం కిందికి దిగుతాను.

మా అక్క బస్ స్టేషన్‌లో పద్దెనిమిదేళ్లు అనౌన్సర్‌గా చేసింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం ఆమె పని. నిరుడు ఆ పనికి మిషన్ గొంతు పెట్టి, రేపటినుంచి రానక్కర్లేదన్నారు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, అంతకంటే అన్యాయం చేసింది. మాట్లాడటం మానేసింది. ఎనిమిది నెలలు "అన్నం తిన్నావా", "తలుపు వేశావా" తప్ప ఆమె నోట మూడో మాట నేను వినలేదు. పొద్దున్నే లేచి తయారై, వెళ్లడానికి చోటు లేక, మంచం అంచున కూర్చునేది. చూడలేక నేనే ఆమె చేత నాలుగు పేజీలు ఫోన్‌లో చదివించి, పుస్తకాలను చదివి వినిపించే ఒక కంపెనీకి పంపాను.

వాళ్లకి ఆ గొంతు నచ్చింది. పిల్లల పుస్తకాలు పన్నెండు ఇస్తామన్నారు. ఏడాది పని, ఇంట్లో కూర్చునే చదవచ్చు. ఒకటే షరతు. పది నిమిషాల నమూనా రికార్డు చేసి పంపాలి. అందులో అక్క గొంతు తప్ప ఈగ వాలిన చప్పుడు కూడా ఉండకూడదు. ఆ రోజు మా అక్క రెండు కప్పుల టీ తాగింది, నన్ను పేరు పెట్టి తిట్టింది కూడా. నాకు ప్రాణం లేచి వచ్చింది.

బట్టల బీరువా ఉన్న చిన్న గదిలో గోడలకి దుప్పట్లు వేలాడదీసి, బల్ల వేసి, మైకు పెట్టాం. ఇక కావలసింది కంప్యూటర్. కంపెనీలో మా నమూనాలు వినే అమ్మాయిని మేం ఎడిటరమ్మ అనేవాళ్లం, పిచ్చుక గొంతు ఆవిడది. స్పీకర్ పెట్టి మాట్లాడుతుంటే ఆవిడ, "మా దగ్గర చదివేవాళ్లు చాలామంది మ్యాక్ కంప్యూటర్ వాడతారండీ, చప్పుడుండదని. అలాగని అదే కొనాలని లేదు" అంది. బావ మొదటి సగం విన్నాడో, రెండో సగం విన్నాడో గానీ, చేతిలో టీ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు.

"మ్యాకా! మూత తెరుచుకోని మిషన్ నా గుమ్మం తొక్కదు. రేపు లోపల ఏదైనా పోతే ఎవడు చూస్తాడు? మెమరీ చాలకపోతే ఏం చేస్తారు, దండం పెడతారా? వంటమేస్త్రి ఇంట్లో హోటలు క్యారేజీ తెప్పించినట్టుంటుంది!"

"బావా, అక్క చదివేది పిల్లల పుస్తకం. రాకెట్ వదలట్లేదు."

"నీకు తెలీదు మరదలా, నువ్వూరుకో. దానికి రెట్టింపు పనిచేసేది నేను అసెంబుల్ చేస్తాను. నా బల్ల దగ్గర సామాను చాలు. మీ అక్క డబ్బు ముట్టుకోను."

ఆ డబ్బు అక్క బస్ స్టేషన్ వదిలినప్పుడు వచ్చింది, సరిగ్గా ఒక మ్యాక్‌కి సరిపోయేది. అసలు సంగతి డబ్బు కాదని నాకు తెలుసు. మ్యాక్‌లు అమ్మే అద్దాల షాపు సరిగ్గా బావ బల్లకి ఎదురుగా ఉంది. ఆ షాపు ఆయనకీ బావకీ పదేళ్లుగా పరాచికాలు, అందులో సగం ముళ్లే. చెవి మేస్త్రి పెళ్లానికి మ్యాక్ కొన్నాడంటే బజారంతా వారం రోజులు అదే టిఫిన్ చేస్తుంది.

నాలుగు రోజుల్లో సిస్టమ్ వచ్చింది. చూడ్డానికి చక్కగా ఉంది, కాదనను. నేను కత్తిరించాల్సిన ఫైలు కళ్లు మూసి తెరిచేలోపు తెరుచుకుంది. అక్క చదివింది, పంపాం. మర్నాడే జవాబు వచ్చింది. "గొంతు బావుందండీ, కానీ వెనక సన్నగా ఏదో కూత వస్తోంది."

వస్తోంది మరి. నాకూ వినిపిస్తోంది. చెవి దగ్గర దోమ వాలకుండా తిరుగుతున్నట్టు, ఈ... అని, ఆగకుండా. బావతో చెప్పాను. ఆయన స్క్రూడ్రైవర్ ఆనించి, కళ్లు మూసుకుని, నిమిషం విన్నాడు.

"ఫ్యాను మోత కొంచెం ఉంది, దాన్ని తగ్గిస్తా. కూతా లేదు గీతా లేదు."

"బావా, ఉంది."

"ఇరవై ఆరేళ్ల నుంచి వింటున్న చెవికి లేదు, నీ చెవికి ఉందా? మైకు వైరు చూడండి ముందు."

నేనింకో మాట అనబోతే అక్క నా మోచెయ్యి గిల్లింది. ఎందుకు గిల్లిందో అర్థం కాలేదు. మా బావ కోపిష్టి కాదు, పెళ్లాం మీద గొంతెత్తగా నేనెన్నడూ చూడలేదు. అయినా అక్క ఆ వారమంతా అలాగే చేసింది. నాతో ఒంటరిగా ఉంటే "వస్తోందే, నాకూ వినిపిస్తోంది" అనేది. ఆయన గదిలోకి రాగానే, "మైకు వైరే అయ్యుంటుంది లెండి" అనేది. వైరు మార్చాం. మైకు మార్చాం. ఇంకో రెండు దుప్పట్లు కట్టాం. రెండో నమూనా కూడా తిరిగొచ్చింది.

ఈసారి ఎడిటరమ్మ మర్యాదగానే కత్తి దించింది. "ఇంకొక్కసారి చూస్తామండీ. శనివారం సాయంత్రం నాలుగింటిలోపు రావాలి. లేకపోతే పుస్తకాలు వేరేవాళ్లకి ఇచ్చేస్తున్నాం, ఏమీ అనుకోకండి." ఫోన్ పెట్టేశాక అక్క వెళ్లి మళ్లీ ఆ మంచం అంచునే కూర్చుంది. ఆ కూర్చోవడం నేను చూశాను.

బావ కూడా చూశాడు. చూశాడనే చెప్పాలి, ఎందుకంటే ఆ వారం ఆయన పడ్డ కష్టం ఇంతా అంతా కాదు. ఫ్యాను తీసేసి, మెల్లగా తిరిగే పెద్ద ఫ్యాను పెట్టాడు. స్క్రూ స్క్రూకీ రబ్బరు ఉంగరాలు వేశాడు. క్యాబినెట్ లోపల స్పాంజి అంటించాడు. శనివారం పొద్దున పదింటికి స్విచ్ వేసి, మమ్మల్ని పిలిచి, ఛాతీ మీద చేతులు కట్టుకుని నించున్నాడు.

"ఇప్పుడు చెప్పండి. అసలు ఆన్‌లో ఉందా లేదా?"

నిజమే, మోత పూర్తిగా పోయింది. మోత పోవడంతో దాని చాటున దాగిన కూత ఒక్కటే మిగిలి, గది నిండా నించుంది. ఈ... నేను అక్క మొహం చూశాను. అక్క నేల చూసింది. మా బావ మాత్రం తొలిచూలు బిడ్డని చేతిలోకి తీసుకున్నవాడిలా నవ్వుతున్నాడు. నవ్వుతున్న మనిషి మొహం మీద ఏ నోటితో చెప్పను?

"చదవనీ ముందు" అంది అక్క. చదివింది. ఒంటిగంటకి నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. అక్క మాటకీ మాటకీ మధ్య, ఊపిరికీ ఊపిరికీ మధ్య, ఆ దోమ.

అద్దాల షాపు శనివారం రెండింటికే మూసేస్తారు. ఇంటి నుంచి పదిహేను నిమిషాల నడక. నా కళ్లు గోడ గడియారం మీంచి కదలట్లేదు.

"బావా, కాళ్లు పట్టుకుంటా, వెళ్లి మ్యాక్ తెద్దాం. కూత అలాగే ఉంది."

"లేదు! ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అన్నిటికీ నా మిషనే దొరికిందా?" మొదటిసారి బావ గొంతు లేచింది. "నువ్వు చెప్పవే! నీకు వినిపిస్తోందా?"

అక్క తలెత్తింది. పెదాలు కదిలాయి. "నాకు... అంతగా తెలీట్లేదండీ" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఏడాది పని, ఎనిమిది నెలల తర్వాత తెరుచుకున్న నోరు, అంతా గంటలో మట్టిలో కలిసిపోతుంటే ఈవిడ మొగుడి పరువు కాపాడుతోంది! ఒక సామెత నాలుక చివరిదాకా వచ్చింది. శంఖం ఉంటుంది అందులో, మీకూ తెలుసు. దాన్ని ఎలాగో మింగాను. మింగి, ఫోన్ తీశాను.

ఫోన్‌లో ఒక యాప్ ఉంది, చుట్టూ ఉన్న శబ్దాన్ని బొమ్మగా చూపిస్తుంది. లావు శబ్దాలు కింద, సన్నవి పైన. సిస్టమ్ పక్కన పెట్టి బావకి చూపించాను. తెర పైభాగంలో, చివరి నుంచి చివరిదాకా, స్కేలు పెట్టి గీసినట్టు ఒక తెల్లని గీత.

"ఇదీ కూత. నా చెవిని నమ్మకు, దీన్ని నమ్ము."

"అది ఏ లైటుదో అయ్యుంటుంది."

"అయితే నువ్వే నీ సిస్టమ్ ఆపి చూడు."

బావ పరీక్షని కాదనలేడు. ఆయన బతుకే అది. ఆపాడు. గీత మాయమైంది. వేశాడు. గీత వచ్చింది. ఆపాడు, పోయింది. వేశాడు, వచ్చింది. ఐదోసారికి ఆయన చెయ్యి స్విచ్ దగ్గరే ఆగిపోయింది. స్క్రూడ్రైవర్ తీసి, పవర్ సప్లై ఉన్న చోట ఆనించి, పిడిని చెవికి గట్టిగా, ఎముక నొప్పెట్టేంత గట్టిగా నొక్కుకున్నాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. తెర మీద గీతనే చూస్తూ విన్నాడు. ఎంతసేపు విన్నాడో. నాకు గడియారం సంగతే గుర్తు రాలేదు.

ఆయన స్క్రూడ్రైవర్ దించాడు. "మీ ఇద్దరికీ వినిపిస్తోంది" అన్నాడు. అడగలేదు, అన్నాడు.

నేను ఫోన్ దించేశాను.

"ఎప్పటినుంచే?" అక్కని అడిగాడు.

"మొదటిరోజు నుంచేనండీ. కానీ మీరింత కష్టపడి..."

"కూత సంగతి కాదు. నాకు వినపడట్లేదని నీకు ఎప్పటినుంచి తెలుసు?"

అక్క చీర కొంగు వేలికి చుట్టింది, విప్పింది. "పదేళ్లయి ఉంటుంది" అంది. "అన్నీ వినపడతాయి మీకు. సన్నవే... అవే వినపడవు. గుమ్మం దగ్గర బెల్లు మార్పించాను గుర్తుందా? పాతది సన్నగా మోగేది. మీరు ఇంట్లో ఉండి కూడా తలుపు తీసేవారు కాదు. లావుగా మోగేది పెట్టించాను, తీస్తున్నారు."

"మరి నువ్వు పిలిస్తే పలుకుతున్నానుగా?"

"పలికేలా పిలుస్తున్నాను."

అప్పుడు తట్టింది నాకు, అంతవరకు నా బుద్ధి గడ్డి తిన్నది. చిన్నప్పుడు మా అక్కది ఈలగొంతు. అక్క అరిచిందంటే వీధి చివర కుక్క లేచి నిలబడేది. అమ్మ "కాస్త మెల్లగా ఏడవవే" అనేది. ఆ గొంతు ఎప్పుడు దిగిందో, ఎందుకు దిగిందో నేనెన్నడూ ఆలోచించలేదు. మైకు ముందు ఉద్యోగం కదా, అలా మారి ఉంటుందిలే అనుకున్నాను. కంపెనీవాళ్లకి నచ్చిన గొంతు, అడుగునుంచి వచ్చినట్టు నింపాదిగా, మాట మాటా విడివిడిగా పలికే ఆ గొంతు, మా అక్క ఈ మనిషి కోసం ఇంట్లో పదేళ్లు కూర్చుని తయారుచేసుకున్నది. ఆవిడ్నా నేను ఇందాక మనసులో తిట్టుకున్నది! సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

బావ చెయ్యి చాచి సిస్టమ్ ఆపేశాడు. తర్వాత, "టైమెంత?" అన్నాడు.

"ఒకటీ ముప్పై ఐదు."

చొక్కా వేసుకున్నాడు. స్క్రూడ్రైవర్ అలవాటుగా జేబులో పెట్టుకున్నాడు. "డబ్బు తియ్యి" అని అక్కతో, "పద" అని నాతో అన్నాడు.

నడిచామా పరిగెత్తామా నాకు తెలీదు. ఆయన నాకంటే రెండడుగులు ముందే ఉన్నాడు, వెనక్కి చూడలేదు. బజారు మలుపులో నాకు భయం వేసింది. ఏదో ఒక సాకు చెప్పి కొను బావా అని చెబుదామనుకున్నాను, మరదలికి కావాలట అని నా మీద పెట్టెయ్యి అందామనుకున్నాను. ఆయన అందే దూరంలో లేడు.

అద్దాల షాపు ఆయన తలుపు గడియ పెట్టబోతూ బావని చూశాడు. మొహం వెలిగిపోయింది.

"ఏంటి మేస్త్రీ, దారి తప్పావా? నీ బల్ల ఎదురుగా కదా!"

చుట్టుపక్కల బల్లల వాళ్లు తలలెత్తారు. ఇద్దరు టీ గ్లాసులతో సహా లేచొచ్చారు.

"మ్యాక్ ఒకటి ఇవ్వు. రికార్డింగుకి. మా ఆవిడకి" అన్నాడు బావ.

"ఓరి దేవుడో! మూత తెరుచుకోని మిషనా? మేస్త్రి ఇంటికా?" ఆయన గడియ వదిలేసి చేతులు జోడించాడు. అందరూ గొల్లుమన్నారు. "ఏం, నువ్వు అసెంబుల్ చేసింది పనికిరాలేదా?"

ఇక్కడ ఒక్క అబద్ధం చాలు. వేరే ఆర్డరుకి ఇచ్చేశానంటే అయిపోయేది. బావ నా వైపు చూడలేదు, ఎవరి వైపూ చూడలేదు.

"నేను కట్టింది బాగానే నడుస్తోంది. సన్నగా కూత పెడుతోంది. ఆ కూత నాకు వినపడదు" అన్నాడు. "పదేళ్ల నుంచి వినపడట్లేదట. ఇవాళే తెలిసింది. ఇకనుంచి మిషన్ తెస్తే మోత సంగతి నేను చెబుతా. కూత సంగతి ఇంకెవరినైనా అడగండి."

టీ గ్లాసు పట్టుకున్నవాడు తాగడం మరిచిపోయాడు. అద్దాల షాపు ఆయన జోడించిన చేతులు దించి, లోపలికెళ్లి, పెట్టె తెచ్చి బావ చేతుల్లో పెట్టాడు. ఒక్క పరాచికం ఆడలేదు. మేం గుమ్మం దిగుతుంటే మాత్రం, "నా షాపులో ఏసీ ఏదో మోత పెడుతోంది మేస్త్రీ, సోమవారం వచ్చి ఒకసారి విని పో" అన్నాడు.

రెండూ పదికి ఇంట్లో ఉన్నాం. మైకు తగిలించి, అంతా సిద్ధం చేసేసరికి రెండున్నర అయింది. అక్క బల్ల ముందు కూర్చుంది. బావ చెయ్యి దానంతటదే జేబులోకెళ్లింది. స్క్రూడ్రైవర్ తీసి మొనని ఆ పల్చటి మిషన్‌కి మెత్తగా ఆనించి, పిడిని చెవిదాకా తెచ్చి ఆగాడు. ఆ పిడిని అక్క వైపు చాచాడు.

"నువ్వు విను."

అక్క ఆయన్ని చూసింది. పెళ్లైనప్పటి నుంచి ఆ స్క్రూడ్రైవర్‌ని ఆయన ఇంకొకరి చేతికివ్వగా మేం చూడలేదు. తెల్లబడిన పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింది.

"ఏమీ లేదండీ."

"నాకోసం చెప్పకు. నిజం చెప్పు."

"నిజంగానే లేదు" అంది అక్క. కళ్లు మాత్రం నిండాయి. నేను వాళ్లిద్దర్నీ కసిరాను. "ఏడుపులు నాలుగు తర్వాత పెట్టుకోండి, ముక్కు దిబ్బడేస్తే గొంతు మారుతుంది!" అక్క నవ్వి, ముక్కు తుడుచుకుని, మొదటి పేజీ తీసింది.

నమూనా పంపేసరికి మూడూ యాభై రెండు.

బావ అసెంబుల్ చేసిన సిస్టమ్ పైకి, నా గదికి చేరింది. నా వీడియోలు దాని మీద పరిగెడతాయి. దోమ తోడు నాకు అలవాటైపోయింది.

ఎడిటరమ్మ సోమవారం పొద్దున ఫోన్ చేసింది. అక్క స్పీకర్ పెట్టింది. "చాలా శుభ్రంగా వచ్చిందండీ. పుస్తకాలు పంపిస్తున్నాం. ఒకటి అడగనా? అంత దించి, అంత స్పష్టంగా మాట్లాడటం ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఇంట్లోనేనండీ" అంది అక్క.

బావ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నించున్నాడు. ఆ పిచ్చుక గొంతు ఆయనకి అందలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఇదివరకైతే అంతా విన్నట్టు తలూపేసి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు లోపలికి వచ్చి అక్క పక్కన కూర్చున్నాడు.

"నాకు వినపడలేదే. ఏమంది?" అన్నాడు.